కాంబీ బాయిలర్: రీసెట్ నొక్కితే నడుస్తుంది, తెల్లారేసరికి మళ్ళీ ఆగిపోతుంది

ప్రశ్న: ఇంగ్లండ్‌లో అద్దె ఇల్లు, గ్యాస్ కాంబీ బాయిలర్ (రేడియేటర్లనూ కుళాయి నీళ్ళనూ ఒక్కటే వేడిచేసేది). వారంలో రెండు మూడు రోజులు పొద్దున లేచేసరికి రేడియేటర్లు చల్లగా ఉంటున్నాయి, కుళాయిలో వేడినీళ్ళూ రావు. రీసెట్ నొక్కితే రోజంతా బాగానే నడుస్తుంది. ఒక్కోసారి టిక్‌టిక్‌మని మంట అంటుకుని వెంటనే ఆరిపోతుంది, ఒక్కోసారి అసలు చప్పుడే ఉండదు. ఇంజనీరు వచ్చినప్పుడు ఏ లోపమూ కనపడదు. ఎక్కడ మొదలుపెట్టాలండీ?

జవాబు 1: ముందు రీసెట్ జోలికి వెళ్ళకండి. ఆగినప్పుడు తెర మీది కోడ్, ప్రెషర్ గేజీ రెండూ కనపడేలా ఫొటో తీసుకుని, ఆ తర్వాతే నొక్కండి. బయట ఎన్ని డిగ్రీలు, గాలి ఎలా ఉంది అన్నదీ రాసుకోండి. అప్పుడప్పుడు వచ్చే లోపం ఇంజనీరు ఎదుట రాకపోవడం మామూలే. ఆయనకు పనికొచ్చేది మీ ఫొటోలే.

వేడినీళ్ళు వస్తూ రేడియేటర్లు మాత్రమే ఆగితే గది థర్మోస్టాట్ బ్యాటరీలో, టైమరో చూడమనేవాణ్ణి. మీకు రెండూ పోతున్నాయి కాబట్టి ఆ దారి వద్దు.

జవాబు 2: పొద్దునపూట అన్నారు కాబట్టి కండెన్సేట్ పైపు చూడండి. పొగలోని ఆవిరి చల్లబడి నీరైతే, దాన్ని బాయిలర్ అడుగు నుంచి బయటి మురుగు కాలువకు తీసుకెళ్ళే ప్లాస్టిక్ పైపు అది. బయట సున్నాకి దిగితే అందులో నీరు గడ్డకట్టి వెనక్కి తన్నుతుంది, లోపల గుడగుడ శబ్దం వస్తుంది, బాయిలర్ లాక్ అవుతుంది, అంటే రీసెట్ నొక్కేదాకా వెలగదు. గోరువెచ్చని నీళ్ళు పైపు మీద, ముఖ్యంగా మలుపుల దగ్గర పోస్తే కరుగుతుంది. మరిగే నీళ్ళు పోస్తే పైపు పగలొచ్చు. శాశ్వతంగా పోవాలంటే బయటి భాగం 32 మి.మీ. పైపుగా మార్చి, వాన తట్టుకునే ఇన్సులేషన్ చుట్టి, నీరు నిలవకుండా వాలు ఇవ్వాలి.

ప్రశ్న అడిగినవారు: గుడగుడ లేదండీ, నిన్న బయట 6 డిగ్రీలు. చప్పుడు లేకుండా ఆగినప్పుడు గేజీ 0.4 బార్ దగ్గర ఉంది. వారానికోసారి ఫిల్లింగ్ లూప్‌తో (కుళాయి నీటిని హీటింగ్ పైపుల్లోకి ఎక్కించే గొట్టం) 1.2కి పెంచుతున్నాను. రేడియేటర్లు వేడెక్కాక 2.9 దాకా పోతోంది. బయట గోడలోంచి వచ్చే రాగి గొట్టం కింద తడి ఉంది.

జవాబు 3: అయితే ఒకటి దొరికినట్టే. ఎక్స్‌పాన్షన్ వెసెల్‌లో (వేడికి పెరిగే నీటికి చోటిచ్చే, గాలి నింపిన డబ్బా) గాలి పోయినట్టుంది. 100 లీటర్ల నీరు 10 నుంచి 80 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు 3 లీటర్లు పెరుగుతుంది. ఆ పెరుగుదలను వెసెల్‌లోని గాలి కుదించుకుని ఇముడ్చుకోవాలి. గాలి లేకపోతే ప్రెషర్ 3 బార్ దాకా ఎగబాకి, సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని ఆ రాగి గొట్టం ద్వారా నీరు బయటికి పోతుంది. రాత్రి చల్లారాక ఆ మేరకు ప్రెషర్ తగ్గుతుంది, బాయిలర్ వెలగడానికి ఒప్పుకోదు. తెల్లారే ఎందుకు ఆగుతుందో అర్థమైంది కదా, ఇంట్లో నీరు అప్పుడే బాగా చల్లగా ఉంటుంది.

ఒక్క పరీక్ష చేయండి. లూప్ వాల్వులు రెండూ గట్టిగా మూసి, బాయిలర్ ఆపి, పూర్తిగా చల్లారాక గేజీ చూడండి. వేడి లేకుండానే ప్రెషర్ పెరుగుతుంటే తప్పు వెసెల్‌ది కాదు. లూప్ వాల్వ్ కారుతోంది, లేదా కుళాయి నీళ్ళను వేడిచేసే ప్లేట్ హీట్ ఎక్స్‌చేంజర్‌లో చిల్లు పడింది.

వెసెల్ అయితే ఇంజనీరు సిస్టమ్ ప్రెషర్ సున్నాకి దించి, సాధారణంగా 0.75 నుంచి 1 బార్ దాకా గాలి కొడతారు. మీ మోడల్ పుస్తకంలో ఉన్న అంకె చూసుకోమనండి. గాలి పిన్ను నొక్కితే నీరు వచ్చిందంటే లోపలి రబ్బరు చిరిగినట్టే, వెసెల్ మార్చాలి. సేఫ్టీ వాల్వ్ కూడా మార్పించండి. ఒకసారి తెరుచుకున్నాక చాలాసార్లు మట్టి పట్టి సరిగా మూసుకోదు, కొత్త గాలి కొట్టినా కారుతూనే ఉండొచ్చు. సగం రిపేరు చేసి వదిలేసేది ఇక్కడే.

మంట అంటుకుని ఆరిపోవడం ఇంకో లోపం, దాన్ని దీంతో కలపొద్దు. మంట ఉందని బాయిలర్ కంట్రోల్ బోర్డుకు తెలిసేది ఎలక్ట్రోడ్ (మంటలో ఉండే లోహపు కడ్డీ) ద్వారా మంటలోంచి పారే కొన్ని మైక్రో ఆంపియర్ల కరెంటుతోనే. ఎలక్ట్రోడ్ మీద పొర పట్టినా, పింగాణీ బీటలు వారినా, ఎర్త్ వదులైనా మంట ఉన్నా బోర్డు లేదనుకుని గ్యాస్ ఆపేస్తుంది. ఎలక్ట్రోడ్ మార్చేటప్పుడు బర్నర్ తలుపు గాస్కెట్ కూడా కొత్తది వేయించండి.

కవర్ మీరు విప్పకండి, అది పొగ బయటికి రాకుండా సీల్ చేసినది. గ్యాస్ సేఫ్ (గ్యాస్ పనివాళ్ళ అధికారిక రిజిస్టర్) కార్డున్న ఇంజనీరే చేయాలి. అద్దె ఇల్లు కాబట్టి 1985 ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం ప్రకారం హీటింగ్ బాగు చేయించే బాధ్యత యజమానిదే. బాయిలర్ ఉన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా ఆయనే పెట్టాలి. ఆయనకు రాసేటప్పుడు "బాయిలర్ పనిచేయట్లేదు" అని వదిలేయకండి. "చల్లగా ఉన్నప్పుడు 0.4, వేడిలో 2.9, సేఫ్టీ గొట్టం తడి, మంట వెలిగి ఆరుతోంది" అని ఫొటోలతో పంపండి. గ్యాస్ వాసన వస్తే మాత్రం ఇవేవీ చూడకండి. మీటర్ దగ్గర గ్యాస్ ఆపి, కిటికీలు తెరిచి, బయటికి వచ్చి గ్యాస్ ఎమర్జెన్సీ నంబరు 0800 111 999కి ఫోన్ చేయండి.