అప్‌డేట్: పర్లాకిమిడి మిల్లు మోటారు వణుకు, దోషం బేరింగుది కాదు

పోయిన నెల అడిగాను: మా రైస్ మిల్లులో 30 హార్స్‌పవర్ బ్లోయర్ మోటారు వణుకుతోంది, కొలిస్తే కంపనాల గ్రాఫులో 100 హెర్ట్జ్ దగ్గర శిఖరం కనిపిస్తోంది, బేరింగు మార్చాలా అని. అక్కర్లేకపోయింది.

తప్పు నా కొలతలోనే ఉంది. 0.2 సెకన్ల ముక్కలు రికార్డు చేశాను. అంత చిన్న ముక్కలో 5 హెర్ట్జ్ కన్నా దగ్గరగా ఉన్న రెండు పౌనఃపున్యాలు విడిపోవు. మీలో ఒకరు చెప్పినట్టు 4 సెకన్లు తీసుకున్నాను. మోటారు వేగం నిమిషానికి 1470 చుట్లు, అంటే సెకనుకు 24.5. తిరిగే భాగాల దోషమైతే శిఖరం ఆ వేగానికి రెట్లలో పడొచ్చు; నాలుగు రెట్లు 98. అక్కడ దాదాపు ఏమీ లేదు! ఉన్నది 100, అంటే కరెంటు 50 హెర్ట్జ్‌కు రెట్టింపు. నమ్మకం కుదరక, రికార్డింగు నడుస్తుండగానే స్విచ్చి కట్టేశాను. 24.5 మెల్లగా కిందికి జారింది, 100 మాత్రం ఆ క్షణమే మాయమైంది. బేరింగు దోషమైతే అలా పోదు కదా.

మోటారు కాళ్ల బోల్టులు ఒక్కొక్కటే వదులు చేస్తే ఒక కాలు పైకి లేచింది. ఇన్నాళ్లూ ఆ బోల్టు బిగింపే మోటారు ఒంటిని వంచి, లోపల తిరిగే భాగానికీ తిరగని భాగానికీ మధ్య ఉండే గాలి సందును అసమానం చేసిందన్నమాట. కాలి కింద రేకు ముక్క పెట్టాం. ఫ్యాను రెక్కలకు అట్టకట్టిన తవుడు గీకాం.

కంపన వేగం సెకనుకు 6.8 మిల్లీమీటర్ల నుంచి 1.9కి దిగింది. ఐఎస్ఓ 10816-3లో (యంత్రాల కంపనాలకు అంతర్జాతీయ ప్రమాణం, 2022 దాకా అమల్లో ఉండేది) ఈ పరిమాణం మోటార్లకు, గట్టి పునాది మీద, 4.5 దాటితే ప్రమాదమని ఉండేది.

నాన్నగారు గ్రాఫులేవీ చూడలేదు. మోటారు మీద రూపాయి బిళ్ల నిలబెట్టి చూశారు. నిలబడింది.