ప్రైవేటు తోటలో గద్ద గూడును గమనించడానికి లైసెన్సు పెట్టాలా?

వంశధార_ఒడ్డు:
మా శ్రీకాకుళం జిల్లా సోంపేట వైపు ఒక రైతు సరుగుడు తోట గట్టున పాత మామిడి చెట్టుంది. దాని మీద సముద్రపు గద్దల జంట ఏటా గూడు పెడుతోంది. తెల్ల పొట్ట, బూడిద రంగు రెక్కలు. ఒక్కోసారి కాళ్లకు సముద్రపు పాము వేలాడుతూ తోటలోకి వస్తుంది. గూడంటే చిన్నది కాదు, పెద్ద పుల్లల మోపు. పాతదానికే ఏటేటా కొత్త పుల్లలు చేరుస్తాయి. పోయిన సీజన్లో ఎవరో ఫొటోతో పాటు లొకేషన్ కూడా వాట్సాప్‌లో పెట్టారు. అంతే, ఆదివారం వస్తే చెట్టు కింద కెమెరాలే. ఒకాయన డ్రోన్ ఎగరేశాడు. తల్లి గద్ద గూడొదిలి పైన తిరుగుతూ అరుస్తూనే ఉంది, కాకులేమో పక్క కొమ్మ మీదే కాచుకున్నాయి.

బ్రిటన్‌లో 1981 నాటి వన్యప్రాణి చట్టం కింద ప్రత్యేక రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్ పక్షులని ఉన్నాయి. గోల్డెన్ ఈగిల్, పెరిగ్రిన్ ఫాల్కన్, బార్న్ ఔల్ లాంటివి. వాటి గూటి దగ్గర కావాలని గానీ, నిర్లక్ష్యంగా గానీ అలజడి చేస్తే నేరం. గూడు పరిశీలించేవాళ్లు ముందే లైసెన్సు తెచ్చుకోవాలి. ఇంగ్లండ్‌లో నాచురల్ ఇంగ్లండ్, స్కాట్లండ్‌లో నేచర్‌స్కాట్ ఇస్తాయి. మనకూ అలాంటిది ఉండాలంటాను. మీరేమంటారు?

జీడితోట:
ఏటండీ ఈ గోల! నా తోటలో నా చెట్టు వైపు నేను చూడడానికి కూడా కాగితం తెచ్చుకోవాలా? ఒక మాట చెబుతాను, కోపం తెచ్చుకోవద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి ఉద్దానంలో కొబ్బరి, జీడి పడగొట్టేసింది. పొడవాటి చెట్లే కరువయ్యాయి. మిగిలిన చెట్టు మీద గూడుంటే లైసెన్సులు, రిపోర్టులు, ఆఫీసర్లు వస్తారని తెలిసిందనుకోండి, రైతు ఏం చేస్తాడు? గద్ద మొదటి పుల్ల తేకముందే ఆ కొమ్మ కొట్టించేస్తాడు. నేను చేస్తానని కాదు, చేసేవాళ్లను ఎరుగుదును.

లా_పాయింట్_విజయనగరం:
అసలు కొత్త చట్టం ఎందుకు? ఉన్నదాన్ని ఎంతమంది చదివారు? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 2(16)లో వేట అంటే చంపడం, పట్టడమే కాదు. అడవి పక్షుల గుడ్లు పాడుచేసినా, గుడ్లనూ గూళ్లనూ కదిపి అలజడి చేసినా వేట కిందికే వస్తుంది. భూమి ఎవరిదన్నది ప్రశ్న కాదు, ప్రైవేటు తోటైనా అంతే. సముద్రపు గద్ద మన చట్టంలోనూ గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్‌లో ఉంది. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక, ఆ షెడ్యూల్ జంతువుల విషయంలో శిక్ష మూడు నుంచి ఏడేళ్ల జైలు, జరిమానా 25,000 రూపాయలకు తగ్గదు. పరిశోధన కోసం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వకంగా అనుమతి ఇచ్చే దారి సెక్షన్ 12లో ఉంది. అంటే లైసెన్సు మనకూ ఉంది, డ్రోన్ ఎగరేసిన పెద్దమనిషి అడగలేదు, అంతే.

ఇంకోటి. బ్రిటన్ లైసెన్సు తోటలోకి వెళ్లే హక్కు ఇవ్వదు. లైసెన్సు చేతిలో ఉన్నా భూమి యజమాని ఒప్పుకోవాలి. ఈ ముక్క వదిలేసి మిగతాది మాత్రం తెచ్చుకుంటామంటే కుదరదు.

నాగావళి_కుర్రాడు:
లైసెన్సు ఇచ్చేదెవరు మాస్టారూ? దరఖాస్తు పెట్టి టేబుళ్లన్నీ తిరిగి సంతకం అయ్యేసరికి పిల్ల గద్ద ఎగిరిపోయి దానికే పిల్లలు పుడతాయి 😀

ఇచ్ఛాపురం_టీచర్:
నవ్వుకోండి గానీ, మన జిల్లాలోనే దీనికి ఒక జవాబు ఉంది. తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు, తేలినీలాపురంలో ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు పెడతాయి. (పేపర్లు ఏటా సైబీరియా నుంచి వచ్చాయని రాస్తాయి. ఈ మూడు జాతుల్లో ఒక్కటీ సైబీరియాలో గుడ్లు పెట్టదు. ఎవరైనా ఆ విలేకరులకు చెప్పండి బాబూ.) పెంట వాసన, పెరటంతా రెట్టలు, అయినా జనం కొట్టనివ్వరు, తోలనివ్వరు. కొంగలు వస్తే వానలు బాగుంటాయని పెద్దల నమ్మకం. అక్కడ లైసెన్సు అడిగే అధికారి కన్నా అరుగు మీద కూర్చున్న ముసలాయనే గట్టివాడు. కొత్త మనిషి చెట్టు కింద ఎక్కువసేపు నిలబడితే ‘ఏ ఊరు బాబూ’ అనే మాట పడుతుంది.

కానీ నిజం చెప్పాలంటే కొంగలు వందల్లో ఒక్కచోట చేరతాయి కాబట్టి ఊరంతా కాపలా. గద్దల జంట ఒక్కటే, ఊరికి దూరంగా, సముద్రం గట్టున. అక్కడ అరుగూ లేదు, ముసలాయనా లేడు. అందుకే వంశధార గారి టెన్షన్ నాకు అర్థమవుతుంది.

వంశధార_ఒడ్డు:
టీచరుగారూ, సరిగ్గా అదే. జీడితోట గారూ, చూడ్డానికి లైసెన్సు పెట్టమని నేను అనడం లేదు. గట్టు మీద నిలబడి బైనాక్యులర్స్‌తో చూసుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు. బ్రిటన్‌లోనూ పక్షికి అలజడి లేకుండా దూరం నుంచి చూస్తే లైసెన్సు అక్కర్లేదు. చెట్టెక్కడం, పిల్ల కాలికి గుర్తింపు రింగు వేయడం, గూటి పక్కన కెమెరా కట్టడం, డ్రోన్, ఈ నాలుగింటికీ మాత్రం అనుమతి కావాలి. దరఖాస్తులో మొదటి సంతకం తోట యజమానిది ఉండాలి, ఆయన వద్దంటే అక్కడితో ఆగిపోవాలి. అక్కడ గూళ్ల లెక్క రాసేవాళ్లకూ, రింగులు వేసేవాళ్లకూ బ్రిటిష్ ట్రస్ట్ ఫర్ ఆర్నిథాలజీ ద్వారా అనుమతులు వస్తాయి, అంటే అనుభవం చూసి ఇస్తారు. ఇక్కడ ఖరీదైన లెన్సు ఉంటే చాలు, నిపుణుడే.

జీడితోట:
ఇప్పుడు దారికొచ్చారు. నావీ రెండు షరతులు. రిపోర్టులో నా సర్వే నంబరు ఉండకూడదు, ఫోన్ లొకేషన్ అసలే ఉండకూడదు.

ఇచ్ఛాపురం_టీచర్:
అది సబబే. పక్షులు ఎక్కడ కనిపించాయో జనం నమోదు చేసే ఈబర్డ్ సైట్‌లోనే కొన్ని సున్నితమైన జాతులకు చోటు దాచిపెడతారు. మనం వాట్సాప్‌లో మ్యాప్ పిన్ పెట్టేస్తున్నాం.

జీడితోట:
రెండోది అసలు సంగతి. సరుగుడు నాలుగైదేళ్లకు కోతకొచ్చే పంట. మా మేనమామ తోటలోనూ ఇలాగే మామిడి చెట్టు ఉంది, చుట్టూ సరుగుడు. గద్ద గుడ్లు పెట్టాక కోత మొదలెడితే, లాయరుగారూ, అది కూడా వేటేనా?

లా_పాయింట్_విజయనగరం:
మామిడి జోలికి పోకపోయినా, దాని చుట్టూ రంపాలు, లారీలు, కూలీలు తిరిగి పక్షి గూడొదిలేస్తే కేసు పెట్టడానికి వీలుంటుంది. రుజువు చేయడం కష్టం, అది వేరే మాట. గూడున్న చెట్టు చుట్టూ కొంత మేర వదిలేసి మిగతాది కొట్టుకోమని చెప్పండి. చెట్టు చుట్టూ వదిలేసినదాన్ని పిల్లలు ఎగిరాక కొట్టాలి. గుడ్డు పెట్టినప్పటి నుంచి లెక్కేస్తే దాదాపు నాలుగు నెలలు.

జీడితోట:
నాలుగు నెలలు! వదిలేసిన కర్ర కోసం వ్యాపారి మళ్లీ లారీ పంపుతాడా, ఆ ధరకే కొంటాడా? మీ లైసెన్సు కాగితంలో ఆ నష్టం ఎవరు భరిస్తారో రాసే గడి ఉంటే చెప్పండి, మా మేనమామ చేత నేనే సంతకం పెట్టిస్తాను.