మూడవ అధికరణం: శాసనసభ అభిప్రాయానికి విలువ ఎంత?

ప్రశ్న (ఎల్‌ఎల్‌ఎం విద్యార్థిని, నల్లకుంట):
పెద్దలకు నమస్కారం. హైదరాబాద్‌లో ఫెడరలిజం గురించి ఎవరితో మాట కదిపినా చర్చ 2014 దగ్గరకే చేరుతుంది. ఆ ఏడాది జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. మూడు వారాలైనా గడవకముందే, ఫిబ్రవరి 18న, లోక్‌సభ దానిని ఆమోదించింది. కొత్త రాష్ట్రాలు ఏర్పరచే, ఉన్నవాటి సరిహద్దులు మార్చే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చే రాజ్యాంగం మూడవ అధికరణం శాసనసభ అభిప్రాయం తెలుసుకోమంటుందే తప్ప సమ్మతి అడగమనదు. రాష్ట్రం ఉనికినే తేల్చే చోట దాని సభ మాటకు ఇంతే విలువైతే మనది సమాఖ్య అనగలమా? సమ్మతిని తప్పనిసరి చేయడం మేలు కాదా?

విశ్రాంత అధ్యాపకుడు, తార్నాక:
సమ్మతి తప్పనిసరి అయివుంటే తెలంగాణ వచ్చేది కాదమ్మా. 294 స్థానాల సభలో తెలంగాణవి 119. విడిపోతామనే ప్రాంతం దాదాపు ఎప్పుడూ మైనారిటీలోనే ఉంటుంది కనుక, సమ్మతి నిబంధన అవతలి ప్రాంతానికి వీటో ఇచ్చినట్టే. 1956 పెద్దమనుషుల ఒప్పందం, ఉద్యోగాల్లో, చదువుల్లో ప్రాంతాలవారీ అవకాశాల కోసం 1973లో 32వ సవరణతో వచ్చిన 371-డి అధికరణం, ఇవన్నీ కలిసి ఉంటూనే రక్షణ కల్పించే ప్రయత్నాలు. వాటి గతేమిటో ఇక్కడ వేరే చెప్పనక్కరలేదు. అమెరికా రాజ్యాంగం సమ్మతి అడుగుతుంది. అయినా 1863లో వెస్ట్ వర్జీనియా ఏర్పడినప్పుడు వర్జీనియా పేరుతో సమ్మతి తెలిపింది దేశం నుంచి విడిపోయిన రిచ్‌మండ్‌లోని సభ కాదు, అంతర్యుద్ధంలో యూనియన్ (కేంద్ర ప్రభుత్వం) పక్షాన వేరుగా ఏర్పడిన ప్రభుత్వం.

హైకోర్టు న్యాయవాది:
సమ్మతి వద్దన్నంతవరకు మాస్టారితో ఏకీభవిస్తాను. అయితే అభిప్రాయం అడగడం కూడా క్రమంగా లాంఛనమైపోయింది. 1955లో ఐదవ సవరణ, సభ అభిప్రాయం చెప్పడానికి గడువు విధించే అధికారాన్ని రాష్ట్రపతికి ఇచ్చింది. బొంబాయి రాష్ట్రాన్ని మూడు భాగాలు చేస్తామన్న ప్రతిపాదనపై అక్కడి సభ అభిప్రాయం తీసుకుని, పార్లమెంటు చివరకు ఒకే ద్విభాషా రాష్ట్రాన్ని ఏర్పరచింది. మళ్లీ అడగనక్కరలేదని బాబూలాల్ పరాటే కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2019లో జమ్మూ కశ్మీర్ సభ రద్దయి ఉండగా పార్లమెంటే దాని బదులు అభిప్రాయం చెప్పింది, అంటే అడిగినదీ చెప్పినదీ ఒక్కరే. దీనిపై సుప్రీంకోర్టు 2023 డిసెంబరు 11 తీర్పు లద్దాఖ్ ఏర్పాటును సమర్థించింది. మిగిలిన రాష్ట్రాన్ని కేంద్రపాలిత ప్రాంతంగా మార్చడం చెల్లుతుందా అన్నది మాత్రం, రాష్ట్ర హోదా తిరిగి ఇస్తామన్న సొలిసిటర్ జనరల్ హామీని నమోదు చేసి, తేల్చకుండా వదిలింది. నా దృష్టిలో రెండు మార్పులు చాలు: సభ లేని కాలంలో పునర్వ్యవస్థీకరణ చేయరాదు, బిల్లు స్వరూపమే మారితే మళ్లీ అడగాలి.

విద్యార్థిని:
కృతజ్ఞతలు. కానీ 2014లో సభ ఉంది, అడిగారు కూడా. బిల్లునే వద్దన్నాక అడిగి ప్రయోజనమేమిటి సార్?

న్యాయవాది:
అక్కడ సభ కూడా ఒక అవకాశం పోగొట్టుకుంది. మొత్తం బిల్లును తోసిపుచ్చడంతో, విభజన చట్టం తొమ్మిదవ, పదవ షెడ్యూళ్లలో ఉన్న ప్రభుత్వ సంస్థల ఆస్తులు ఎలా పంచాలన్న దానిపై సభ ఉమ్మడిగా చెప్పిన మాట ఏదీ మిగలలేదు. ఆ సంస్థల్లో చాలావాటి ప్రధాన కార్యాలయాలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. ఉమ్మడి రాజధాని గడువు 2024 జూన్ 2న ముగిసేనాటికి కూడా వాటి పంపకం పూర్తి కాలేదు.