ఈ వారం సమస్య: "ఓపెనింగు లున్న నొకటి లేదు"

కోట దగ్గరి మేష్టారు, విజయనగరం
పోయినవారం సమస్య మరీ పురాణాల్లోకి పోయిందని అందరూ తిట్టారు కదా, అందుకని ఈసారి మనం రోజూ వాడే ఇంగ్లీషు ముక్కే ఇస్తున్నాను. ఆటవెలది పద్యంలో నాలుగో పాదం ఇది, పై మూడు పాదాలూ మీరు రాసి ఈ చిక్కుముడి విప్పాలి, అదే పూరణ. ఓపె-నింగు అని విడగొడితే రెండు హగణాలు (గురువు, వెంట లఘువు) చక్కగా వస్తాయి, ఆ మాట ఎంచుకోవడానికి సగం కారణం అదే. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు, ఓ కీ ఒ కీ, ఉన్నను + ఒకటి. సమస్య అచ్చుతో మొదలైంది కాబట్టి మీ మూడో పాదాన్ని బట్టి నోపెనింగు, యోపెనింగు ఏది కావాలంటే అది రాసుకోండి. ఉండీ లేకపోవడం ఎలాగో మీరే తేల్చాలి.

సిక్కోలు చినబాబు
నా అనుభవమే రాసేశాను మేష్టారూ. హైదరాబాద్‌లో మూడు నెలలు తిరిగి మొన్ననే ఇంటికొచ్చాను.

కొలువు వెదకి యెన్ని గుమ్మముల్ ద్రొక్కిన
ననుభవంబు గలదె యందు రచట
చిన్న పల్లె విడిన సిక్కోలు వానికి
నోపెనింగు లున్న నొకటి లేదు.

బొబ్బిలి అక్క
గణాలు, యతులు అన్నీ సరిపోయాయి తమ్ముడూ. సిక్కోలుకి యతి వేసిన చోటు నాకు బాగా నచ్చింది. కానీ పూరణ అయిందా అంటే అవలేదనే అంటాను. ఓపెనింగులున్నాయి, అందులో ఒక ఓపెనింగ్ నీకు దక్కలేదు, అంతే కదా? ఖాళీ అనే ఒక్క అర్థం మీదే పద్యం నడిచింది, చిక్కుముడి చిక్కుముడిగానే ఉండిపోయింది. "ఒకటి" అన్నది ఇంకో వస్తువు మీదికి పోవాలి.

చినబాబు
ఉద్యోగమూ రాలేదు, పద్యమూ పాసవలేదు. సరే అక్కా.

పార్వతీపురం పంతులు
నాదీ చూడండి. ఇల్లు కట్టించినవాడి బాధ.

మేస్త్రి కట్టె నిల్లు మేడపైఁ గిటికీలు
తలుపు లెన్నొ పెట్టె దారి వైపు
తూర్పు గాలి వచ్చు తోవకై వెదకిన
నోపెనింగు లున్న నొకటి లేదు.

మేష్టారు
ఇది మేలు. ఇక్కడ ఓపెనింగంటే గోడలో వదిలిన ఖాళీ, ఒకటి అన్నది గాలి తోవ. మా ఇంటి ప్లాస్టరింగ్ లెక్కలప్పుడు మేస్త్రి గోడ కొలతలోంచి "ఓపెనింగ్స్ మైనస్" అంటుంటే ఏమిటా అనుకున్నాను, తలుపూ కిటికీల చదరపు అడుగులు తీసేయడమట. మనకి కన్నం, బెజ్జం, సందు, తూము అని సైజుని బట్టీ పనిని బట్టీ వేరే వేరే మాటలున్నాయి, ఇంగ్లీషువాడు కావాలంటే అన్నిటినీ ఆ ఒక్క మాటతోనే చెప్పేయగలడు. దానికి తోడు ఉద్యోగ ఖాళీ, నాటకం మొదటి ప్రదర్శన, చదరంగంలో మొదటి ఎత్తులు, అడవి మధ్య చెట్లు లేని జాగా కూడా అదే మాటతో సరిపెడతాడు.

పలాస కుర్రోడు
నాది సినిమా!

హీరొ సినిమ వచ్చె హెచ్చుగా జనమొచ్చె
మొదటి వార మంత హౌసు ఫుల్లు
పదవ రోజు చూడ బల్లపై మనిషన్న
నోపెనింగు లున్న నొకటి లేదు.

బొబ్బిలి అక్క
నవ్వొచ్చింది. కానీ రెండో పాదంలో మొ కీ హౌ కీ యతి ఎక్కడ బాబూ? ఇంకోటి, మనిషన్నాక "ఒకడు లేడు" అనాలి, ఒకటి కుదరదు.

మేష్టారు
రెండో పాదం "మొదటి వార మందు మురిసె హాలు" అని మార్చు. మూడోదానికి చిన్న కిటుకుంది, "బల్లపైఁ దల యన్న" అని పెట్టు. తల నపుంసకలింగం కదా, ఒకటి లేదు అన్నది హాయిగా కూర్చుంటుంది. ఇంగ్లీషులో ఒక సినిమా మొదటి రోజుల వసూళ్లని మామూలుగా ఏకవచనంలో ఓపెనింగ్ అంటారు, మనవాళ్లే "ఓపెనింగ్స్ అదిరిపోయాయి" అని బహువచనం చేశారు. సమస్యలో బహువచనమే ఉంది కాబట్టి ఈ తెలుగు వాడుక నీకు కలిసొచ్చింది.

గంటస్తంభం క్రికెట్ పిచ్చి
నేను ఆలస్యంగా వచ్చాను గానీ మన ఊరి సరుకు తెచ్చాను.

విజ్జి నాయకుండు వెడలె నింగ్లండుకు
రెండు నూర్లు దాటి రేఁగె జంట
మూడు టెస్టు లాడి మురిసెడి గెలుపన్న
నోపెనింగు లున్న నొకటి లేదు.

తెలియనివాళ్లకి: 1936లో మన విజయనగరం మహారాజకుమార్, అదే విజ్జీ, కెప్టెన్‌గా ఇండియా జట్టు ఇంగ్లండ్ వెళ్లింది. ఓల్డ్ ట్రాఫోర్డ్‌లో విజయ్ మర్చంట్ 114, ముష్తాక్ అలీ 112 కొట్టి మొదటి వికెట్‌కి 203 పరుగులు జోడించారు. ఆ మ్యాచ్ డ్రా. మిగతా రెండూ తొమ్మిదేసి వికెట్ల తేడాతో ఓడిపోయాం.

బొబ్బిలి అక్క
ఇదీ పూరణంటే! "ఒకటి" గెలుపు మీదికి వెళ్లింది, సమస్య దానంతట అదే విడిపోయింది. ఒక్క మాట అంటాను, కోపం వద్దు: 203 కొట్టింది ఒక్క జంటే కదా, "ఓపెనింగులు" అని బహువచనం ఎందుకు?

క్రికెట్ పిచ్చి
మూడు టెస్టుల్లోనూ ఎవరో ఒకరు ఓపెనింగ్ చేసే ఉంటారు కదక్కా!

మేష్టారు
ఆ సమాధానం చెల్లుతుంది, వకీలు సమాధానమే అయినా. "జంట" ముందు "తొలి" అని ఉంటే ఇంకా బాగుండేది గానీ ఆ పాదంలో దానికి జాగా లేదు. చినబాబూ, నువ్వేం చేస్తున్నావు, ఇంకో ప్రయత్నం?

చినబాబు
చేశాను. రేపు మా వీధిలో చిన్నాన్న కొడుకుది సెల్ షాపు ఓపెనింగ్, పక్కనే బట్టల కొట్టు ఓపెనింగ్, ఎదురుగా టిఫిన్ సెంటర్. ముగ్గురూ ఒకే ముహూర్తం పెట్టుకున్నారు.

రేపు మూడు చోట్ల రిబ్బన్లు కోయుట
కత్తిరించు చేయి గలదు, కాని
కొట్టువారి యింటఁ గోసెడి కత్తెర
యోపెనింగు లున్న నొకటి లేదు.

బొబ్బిలి అక్క
ఒరే, ఇదే ముందు రాయొచ్చు కదా! ఓపెనింగంటే ప్రారంభం, ఒకటంటే కత్తెర. మూడు ఓపెనింగులు కాబట్టి బహువచనం దగ్గర కూడా నాకు నోరెత్తే సందు లేదు.

మేష్టారు
క్రికెట్ పిచ్చి ఏమీ అనుకోకపోతే ఈ వారం చినబాబుదే. కత్తెర నేను తెస్తాను, ముహూర్తం ఎన్నింటికో చెప్పు.