రిడిమ్‌ని తెలుగులో ఏమనాలి? లయా, వరసా, దరువా?

అనువాదం_అవస్థ: జమైకా రెగే సంగీతం మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. 'ఫలానా పాట రియల్ రాక్ రిడిమ్ మీద పాడారు' లాంటి వాక్యాలు పేరాకి రెండొస్తున్నాయి. 'రియల్ రాక్ లయ మీద' అని రాస్తే నాకే నవ్వొస్తోంది. పెద్దలు దారి చూపాలి.

గ్రామఫోన్_సూది: లయ అసలు కుదరదండీ. 'రిద్మ్' అనే ఇంగ్లీషు మాట జమైకా వాళ్ల నోట్లో రిడిమ్ అయింది, నిజమే. కానీ అర్థం అక్కడే ఆగిపోలేదు. లయకి బహువచనం ఉండదు, పేరూ ఉండదు. రిడిమ్‌లకి రెండూ ఉంటాయి. బేస్ గిటారు, డ్రమ్ములు, కొన్నిట్లో కీబోర్డో బాకాలో కలిపి కట్టిన ఒక వాద్యపు ముక్క అది. దానిమీద ఇవాళ ఒకరు పాడతారు, పదేళ్ల తర్వాత ఇంకొకరు వేరే పాట పాడతారు. మీరడిగిన రియల్ రాక్‌నే చూడండి. 1967లో కింగ్‌స్టన్‌లో, కాక్సన్ డాడ్ గారి స్టూడియో వన్‌లో సౌండ్ డైమెన్షన్ బృందం వాయించింది. విల్లీ విలియమ్స్ 'ఆర్మగిడియన్ టైమ్' పాడింది 1970ల చివర్లో, దాని మీదే. సాధారణంగా మొదటి రికార్డు పేరే రిడిమ్‌కి స్థిరపడిపోతుంది.

ఆదితాళం: అయితే 'వరస' అనొచ్చుగా? పాత పాటల పుస్తకాల్లో 'ఫలానా కీర్తన వరస' అని పైన వేసి కింద కొత్త సాహిత్యం ఇస్తారు. ఒకే కట్టు, వేరే పాట.

గ్రామఫోన్_సూది: మంచి ఊహే మాస్టారూ, కానీ సరిగ్గా తలకిందులైంది. వరసలో నిలిచేది బాణీ, మారేది మాటలు. రిడిమ్‌లో బాణీ, మాటలు రెండూ మారిపోతాయి. నిలిచేది అడుగున బేస్, డ్రమ్ము. దీనికి సాక్ష్యం ఒకే రికార్డులో దొరుకుతుంది: 1982లో సిస్టర్ నాన్సీ పాడిన 'బామ్ బామ్'. దాని పల్లవి 1966లో జమైకా ఫెస్టివల్ పాటల పోటీలో గెలిచిన మేటల్స్ బృందం వాళ్ల 'బామ్ బామ్' నుంచి వచ్చింది. అడుగున మోగేది మాత్రం 1973లో నిర్మాత విన్‌స్టన్ రైలీ కోసం అన్సెల్ కాలిన్స్ చేసిన 'స్టాలగ్ 17'. వరస ఒక ఇంటిది, రిడిమ్ ఇంకో ఇంటిది. రెండిటికీ ఒకే మాట వాడితే ఈ పాట గురించి మీరు వాక్యం రాయలేరు.

ఆదితాళం: ఒప్పుకున్నాను. వరస ఉపసంహరణ.

డప్పు_దెబ్బ: మరి దరువు అనుండ్రి. పెండ్లికో దరువు, సావుకో దరువు. పేరుంటది, దాని మీద ఎన్ని పాటలైనా కట్టొచ్చు.

ఆదితాళం: దరువు చాలా దగ్గరే తమ్ముడూ. అడ్డంకులు రెండున్నాయి. యక్షగానం, కూచిపూడి తెలిసినవాళ్లకి దరువంటే పాట. ప్రవేశ దరువు, సంవాద దరువు గుర్తొస్తాయి. రెండోది, దరువంటే మనకి తోలు వాద్యమే. రెగేలో సగం కథ బేస్ గిటారుది.

అయితే డ్రమ్ము కొట్టే పద్ధతి గురించి రాసేటప్పుడు దరువు నిక్షేపంగా వాడుకోవచ్చు. ఉదాహరణకి 'వన్ డ్రాప్'. వేగంగా నాలుగు లెక్కపెట్టండి, నిమిషానికి సుమారు 140 నుంచి 150 దెబ్బలు. ఒకటి మీద కాలి డ్రమ్ము మోగకూడదు. మూడు మీద కాలి డ్రమ్ము, స్నేర్ (చేతి పుల్లలతో కొట్టే చిన్న డ్రమ్ము) అంచు మీద పుల్ల దెబ్బ రెండూ కలిసి పడాలి. గిటారు రెండు, నాలుగు మీద కత్తిరించినట్టు పొట్టిగా మోగాలి: తీగ మీటిన వెంటనే ఎడమచేతి వేళ్ల పట్టు సడలించాలి, లేదంటే శబ్దం సాగి మూడో దెబ్బ మీద పడుతుంది. మన ఆర్కెస్ట్రాల్లో చెడేది మాత్రం ఒకటి దగ్గరే. చెయ్యి అలవాటు కొద్దీ అక్కడ కాలి డ్రమ్ము వేసేస్తారు, నడక కాస్తా కవాతైపోతుంది. బాబ్ మార్లే వెయిలర్స్ బృందంలో కార్ల్‌టన్ బారెట్ వాయింపు వినండి, ఆ ఖాళీ ఎంత బరువుగా ఉంటుందో తెలుస్తుంది.

కొన్ని పుస్తకాల్లో దెబ్బ రెండు, నాలుగు మీద పడుతుందని ఉంటుంది. అది తప్పు కాదు, వాళ్లు సగం వేగంలో లెక్కపెడుతున్నారు. మొదటి కాలం, రెండో కాలం తేడా అంతే. అనువాదంలో రెండు లెక్కలూ కలిపేయకండి.

అనువాదం_అవస్థ: ఒకటి ఖాళీ కాబట్టి 'అనాగతం' అని రాయొచ్చా మాస్టారూ?

ఆదితాళం: వద్దు. తాళం మొదలయ్యాక పాట ఎత్తుకుంటే అనాగతం. అది ఎత్తుగడకి సంబంధించిన మాట. వన్ డ్రాప్‌లో గాయకుడు సమం మీదే, అంటే తాళం మొదలైన చోటే, ఎత్తుకున్నా ఎవరూ కాదనరు. అక్కడ ఊరుకునేది డ్రమ్ము. 'మొదటి దెబ్బ వదిలే దరువు' అంటే చాలు.

గ్రామఫోన్_సూది: దరువుకి ఇంకో చిక్కు. 1985లో వేన్ స్మిత్ పాడిన 'స్లెంగ్ టెంగ్' రిడిమ్‌ని ఎవరూ వాయించలేదు. కేసియో ఎమ్‌టీ-40 అనే చిన్న కీబోర్డులో కంపెనీవాళ్లు ముందే పెట్టిన 'రాక్' నడక అది. మీట నొక్కితే బేస్‌తో సహా మోగుతుంది. దాన్ని కేసియోలో తయారుచేసింది హిరోకో ఒకుడా. నిర్మాత కింగ్ జామీ వేగం తగ్గించి రికార్డు చేశాడు. ఆ తర్వాత కింగ్‌స్టన్ స్టూడియోల్లో యంత్రాల రిడిమ్‌లు వరదలా వచ్చాయి. కాబట్టి 'రిడిమ్ వాయించారు' అని అన్నిచోట్లా రాయకండి. 'కట్టారు' అంటే రెండిటికీ చెల్లుతుంది. నా ఓటు మాత్రం రిడిమ్‌ని రిడిమ్‌గానే ఉంచి, మొదటిసారి ఒక వాక్యంలో వివరించడానికి. రాసేటప్పుడు డ ఒత్తు వద్దు. 'రిడ్డిం' అనేది ఇంగ్లీషు అక్షరాలు చూసి రాసింది. రెగ్గే కాదు, రెగే అన్నట్టే.

డప్పు_దెబ్బ: గా వ్యాసంల డీజే అన్న మాట ఉంటే జర పైలం. మన దగ్గర డీజే అంటే డబ్బాలు. 'బోనాలకు డీజే పెట్టిన్రు' అంటే బండి మీద పేర్చిన స్పీకర్లు. జమైకాల దాన్ని సౌండ్ సిస్టమ్ అంటరు, వట్టిగ 'సౌండ్' అని గూడ. రికార్డు తిప్పేటోడు సెలెక్టర్. డీజే అంటే మైకు వట్టుకొని రిడిమ్ మీద మాటలు అల్లేటోడు, యూ-రాయ్ లెక్క. 'డీజే యూ-రాయ్' అని అట్లనే రాస్తే మనోళ్లు ఆయన్ని స్పీకర్ల ఓనరు అనుకుంటరు.

గ్రామఫోన్_సూది: బాగా పట్టుకున్నావన్నా. డీజేలు అలా మాటలు అల్లడానికే రికార్డు రెండోవైపు గొంతు తీసేసిన 'వెర్షన్' వేసేవారు. దాన్ని సౌండ్ ఇంజనీరు కింగ్ టబ్బీ మిక్సింగ్ బల్ల మీద ముక్కలు చేసి, ప్రతిధ్వని కలిపి, మధ్యమధ్య డ్రమ్ము ఒక్కటే మిగిల్చేవాడు. అది డబ్. మన సినిమా డబ్బింగుతో కలవకుండా 'డబ్ సంగీతం' అనే రాయండి.

పోర్ట్‌లూయీ_తెలుగు: మారిషస్ సంగతి కూడా వ్యాసంలో ఉంటే ఒక మాట. ఇక్కడి జానపద సంగీతం సెగాని రెగేతో కలిపి 'సెగ్గే' అంటారు. దాన్ని నిలబెట్టిన గాయకుడు కాయా 1999 ఫిబ్రవరిలో పోలీసు నిర్బంధంలో చనిపోతే ద్వీపమంతా అల్లర్లు రేగాయి. సెగా నడక ఆరు మాత్రలది, రెగే నాలుగుది. రెండూ కలుస్తున్నాయి కాబట్టి అక్కడ 'రిడిమ్' అనకుండా 'నడక' అంటే బాగుంటుంది. సెగాకి మూలమైన రవాన్ అనే వాద్యాన్ని మేకతోలుతో చేస్తారు, వాయించే ముందు డప్పులాగే సెగ మీద కాస్తారు. జమైకా రెగేని యునెస్కో 2018లో వారసత్వ జాబితాలో చేర్చిన సమావేశం కూడా పోర్ట్ లూయీలోనే జరిగింది.

అనువాదం_అవస్థ: అందరికీ దండాలు. ఇలా రాశాను, చూడండి: "అన్సెల్ కాలిన్స్ 1973లో కట్టిన స్టాలగ్ 17 రిడిమ్ మీద, తొమ్మిదేళ్ల తర్వాత డీజే సిస్టర్ నాన్సీ బామ్ బామ్ పలికింది."

గ్రామఫోన్_సూది: 'పాడింది' అని మార్చండి. ఆవిడ డీజేనే గానీ పల్లవి పాటే. డీజే అన్న మాటకి అక్కడే వివరణ ఒకటి తగిలించండి, డప్పు అన్న చెప్పినట్టు.