చర్చ: చరిత్ర, పూనకం, కత్తియుద్ధం కలిసిన సినిమా మీద ఎంత సొమ్ము పెట్టవచ్చు?

రావులపాలెం వంతెన (చర్చ మొదలుపెట్టినవారు)

కోనసీమలో ఒక సినిమా హాలులో మా కుటుంబానికి పావలా వాటా ఉంది. త్వరలో రానున్న ఒక పెద్ద సినిమాకు ఈస్ట్ హక్కులు, అంటే ఉమ్మడి తూర్పు గోదావరిలో ఆడించుకునే హక్కులు, కొనే బృందంలో చేరమని మమ్మల్ని అడుగుతున్నారు. కథ వందల ఏళ్ల నాటిది. కథానాయకుడు ఒక దండులో యోధుడు, గ్రామదేవత అతని మీదికి వస్తుంది, ఆఖరి అరగంటా యుద్ధమే. సినిమా పేరు కావాలనే చెప్పడం లేదు. చెప్పిన మరుక్షణం ఈ చర్చ అభిమానుల చేతిలోకి వెళ్లిపోతుంది, ఇక లెక్క మాట్లాడేవారు ఒక్కరూ మిగలరు.

అమ్మేవారు మాటిమాటికీ చూపిస్తున్న ఆధారం ‘కాంతార’. 2022 అక్టోబరు 15న తెలుగులోకి వచ్చిన ఆ కన్నడ సినిమా పెద్ద ప్రచారం లేకుండానే మన ఊళ్లలో నిలబడింది. దాని ముందుకథ కదంబుల కాలానికి వెళ్లి, 2025 అక్టోబరు 2న దసరాకు వచ్చి మళ్లీ జనాన్ని రప్పించింది. కాబట్టి ఈ కోవలో వచ్చే సినిమాకు సమీక్షలూ బాగుంటాయి, వసూళ్లూ బాగుంటాయి, అడిగిన ధరకు ఎన్‌ఆర్‌ఏ పద్ధతిన, అంటే తిరిగిరాని అడ్వాన్సుగా, డబ్బు కట్టేయవచ్చని వారి వాదన. మా నాన్నగారు సగం ఒప్పుకున్నారు. నేను ఒప్పుకోలేకపోతున్నాను గాని, ఎందుకో స్పష్టంగా చెప్పలేకపోతున్నాను. అనుభవం ఉన్నవారు చెప్పండి.

భీమవరం బయ్యర్

మీ నాన్నగారి వైపే నేనూ ఉంటాను. 2022 ఏప్రిల్ 4న మన రెండు జిల్లాలూ ఎన్ని ముక్కలైనా సినిమా వ్యాపారానికి ఇవి నేటికీ ఈస్ట్, వెస్ట్ మాత్రమే. ఈ రెండు ఏరియాలలో పిల్లల నుంచి ముసలివారి వరకు ఒకే హాలులో కూర్చోబెట్టగలిగే కథలు రెండే రకాలు, కుటుంబ హాస్యం ఒకటి, దేవుడో దెయ్యమో ఉన్న రాజుల కథ రెండోది.

2009ని గుర్తు చేసుకోండి. జనవరి 16న ‘అరుంధతి’ వచ్చింది, జూలై 31న ‘మగధీర’ వచ్చింది. ఒకదానిలో పెద్ద హీరో లేడు, రెండోదానిలో ఉన్నాడు, రెండింటిలోనూ పాత జన్మ ఉంది, సంస్థానమో రాజ్యమో ఉంది, రెండూ ఆడాయి. జనం హాళ్లకు రావడం లేదని నిర్మాతలే ఆగస్టు 1 నుంచి చిత్రీకరణలు ఆపుకున్న 2022లో, అదే నెల 5న ‘బింబిసార’ వచ్చి హాళ్లు నింపింది. చెడ్డకాలంలో కూడా ఈ కోవ పని చేస్తుందనడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇక విమర్శకుల సంగతి. అమెరికాలో ప్రీమియర్ పడిన కొన్ని గంటలకే, మనకు ఇక్కడ తెల్లవారకముందే సమీక్షలు వచ్చేస్తాయి. అప్పటికే మన మొదటి మూడు రోజుల టికెట్లు అమ్ముడై ఉంటాయి. పెద్ద బడ్జెట్టు సినిమాకు తొలి రోజుల్లో రేటు పెంచుకునే వీలు 2022 మార్చి 7 నాటి జీవో 13తో ఏర్పడింది. ఆ మూడు రోజుల్లోనే పెట్టుబడిలో పెద్ద భాగం లాగేస్తే, తర్వాత ఎవరు ఎన్ని నక్షత్రాలు ఇచ్చినా మనకు బాధ ఉండదు. ఆలస్యం చేస్తే ఈ హక్కులు వేరొకరు ఎగరేసుకుపోతారు.

ద్రాక్షారామం తెలుగు మాస్టారు

బయ్యర్ గారు గెలిచిన గుర్రాల పేర్లే చదివారు. 2024 నవంబరు 14న వచ్చిన ‘కంగువా’ను ఎందుకు వదిలేశారు? అందులోనూ వెయ్యేళ్ల నాటి తెగలున్నాయి, ఈ జన్మకూ ఆ జన్మకూ ముడి ఉంది, యుద్ధాలున్నాయి, పెద్ద హీరో ఉన్నాడు. విడుదలకు ముందు నిర్మాత నోట 2000 కోట్ల మాట వినిపించింది. తీరా వచ్చాక కథ కంటే శబ్దం గురించే జనం ఎక్కువగా మాట్లాడుకున్నారు. సరుకులన్నీ ఉన్నంత మాత్రాన పులుసు కుదరదు.

చరిత్ర నిజమైనదైతే చాలుననుకోవడం కూడా పొరపాటే. 2015 జూలై 10న ‘బాహుబలి’ వచ్చింది, అక్టోబరు 9న ‘రుద్రమదేవి’ వచ్చింది. కాకతీయుల రాణి మన చరిత్రలో ఉంది, మాహిష్మతి సింహాసనం రచయిత బుర్రలో ఉంది. అయినా మూడు నెలల తేడాతో వచ్చిన రెండోదాన్ని జనం మొదటిదాని కొలబద్దతోనే కొలిచారు, ముఖ్యంగా గ్రాఫిక్స్ విషయంలో. అది న్యాయమా అంటే కాదంటాను, కానీ బజారు న్యాయం చూడదు.

నా అభ్యంతరం అసలు వేరొక చోట ఉంది. అతీత శక్తి కథలోకి వచ్చాక దానికి ఒక కట్టుబాటు ఉండాలి. ‘అరుంధతి’లో ఆ దుష్టుడిని చంపగలిగేది జేజమ్మ అస్థికలతో చేసిన ఆయుధం ఒక్కటే. ఆ షరతు మనకు తెలిశాక ప్రతి తలుపు చప్పుడుకూ భయం వేసింది. (ఆ దర్శకుడు కోడి రామకృష్ణ మన పాలకొల్లు మనిషి. ఇంట్లో పెద్దవాళ్లు కథ చెప్పే పద్ధతి ఆయనకు తెలుసు.) దేవత ఎప్పుడంటే అప్పుడు వచ్చి యోధుణ్ణి లేపి నిలబెడితే ఇక కత్తి దేనికి, కవచం దేనికి? విమర్శకుడు దీన్ని కథనంలో లోపం అని రాస్తాడు, మా వీధిలో పాలు పోసే అతను ‘ఎలాగూ బతుకుతాడుగా’ అంటాడు. ఇద్దరూ చెప్పేది ఒకటే.

మా ఊరు దక్షయజ్ఞం జరిగిన చోటని పేరు. వీరభద్రుడు ఇక్కడ ఇంటి మనిషి. శుభకార్యానికి ముందు సంబరం చేసి, డప్పుల మధ్య ఖడ్గం, అంటే వీరభద్రుడి స్తుతి, చదివించే ఇళ్లు మా పక్కనే ఉన్నాయి. ‘కాంతార’ సెకండ్ షోకు వెళ్లినప్పుడు నా ముందు వరుసలో జాతరకు గరగ (అమ్మవారి కలశం) ఎత్తే ఆయన కూర్చున్నాడు. ఆఖరి ఘట్టంలో ఆయన చెప్పులు విడిచి, కాళ్లు సీటు మీదికి ముడుచుకుని, సినిమా అయ్యేదాకా అలాగే చేతులు జోడించి ఉండిపోయాడు. ఆ సినిమాలో చూపిన తుళునాడు దైవాల పూనకపు కొలువు, భూతకోలం గురించి ఆయనకు ఎవరూ చెప్పలేదు, చెప్పనక్కర కూడా లేకపోయింది. ఆయనకు రోజూ తెలిసిన పూనకంలో ఒక క్రమం ఉంటుంది: పసుపు, డప్పు, సాంబ్రాణి, తర్వాతే మాట. ఆ క్రమం తప్పిన పూనకాన్ని ఆయన ఒక్క నిమిషంలో పట్టేస్తాడు. మీకు అమ్మజూపుతున్న సినిమాలో ఆ క్రమం ఉందో లేదో రెండు నిమిషాల టీజరు చూసి ఎలా చెప్పగలరు?

బూత్ ఆపరేటరు, అమలాపురం వైపు

మాస్టారి మాట కథ గురించి, నాది తెర గురించి. ఈ కోవ సినిమాలలో దేవత వచ్చేది రాత్రి, యుద్ధం జరిగేది కాగడాల వెలుగులో, అడవిలో, వానలో. హైదరాబాదులో కొత్త తెర మీద చూసిన విమర్శకుడు ఛాయాగ్రహణం అద్భుతం అని రాస్తాడు. మా దగ్గర ప్రొజెక్టరు జినాన్ ల్యాంపు గంటలు ఎప్పుడో దాటిపోయినా, ఖర్చుకు వెనకాడి ఇంకో సినిమా లాగిద్దాం అంటారు. అదే దృశ్యం ఇక్కడ బొగ్గు గదిలో కాకులు కొట్టుకున్నట్టు ఉంటుంది. బయటికి వచ్చిన జనం ‘గ్రాఫిక్స్ బాగోలేదు’ అంటారు. నిజానికి వారికి గ్రాఫిక్స్ కనబడనే లేదు.

సినిమా పోతుందో నిలుస్తుందో నాకు మార్నింగ్ షోలోనే తెలిసిపోతుంది. బూత్ కిటికీలోంచి కిందికి చూస్తే, యుద్ధం మధ్యలో సెల్‌ఫోన్ వెలుగులు మిణుగురుల్లా ఒకటొకటిగా మొదలవుతాయి. పది దాటితే ఆ యుద్ధం సాగిందని అర్థం. ముప్పై దాటితే మ్యాట్నీకి హాలు సగమే. ఒక పెద్ద సినిమాకు, పేరు వద్దు, ఆఖరి యుద్ధంలో బాల్కనీ అంతా దీపావళిలా వెలిగింది. ఆ రోజు సమీక్షలు మాత్రం మూడు నక్షత్రాలకు తక్కువ లేవు.

తణుకు జమాఖర్చులు

పన్నుల లెక్కలు రాయడం నా ఉద్యోగం, కాబట్టి బయ్యర్ గారి మూడు రోజుల వాదాన్ని కాగితం మీద పెట్టి చూశాను. 2025 సెప్టెంబరు 22 నుంచి వంద రూపాయల వరకు ఉన్న టికెట్టు మీద జీఎస్టీ 5 శాతం, వంద దాటితే మొత్తం మీద 18 శాతం. 400 సీట్ల హాలు అనుకుందాం. పన్నుతో కలిపి 100 రూపాయల టికెట్టులో మనకు మిగిలేది 95 రూపాయల 24 పైసలు. 150 రూపాయల టికెట్టులో మిగిలేది 127 రూపాయల 12 పైసలు. అంటే ప్రేక్షకుడి జేబులోంచి 50 రూపాయలు అదనంగా తీస్తే మన దగ్గరికి వచ్చేది 32 మాత్రమే. 100 రూపాయలకు హాలు నిండితే ఆటకు 38,095 రూపాయలు. 150కి పెంచి 300 సీట్లే నిండితే 38,136. నాలుగో వంతు జనం రాకపోతే చాలు, రేటు పెంచిన లాభం ఆవిరైపోయింది. ఈ రెండు సందర్భాల్లోనూ హాలు అద్దె, క్యూబ్ ఖర్చు (డిజిటల్ ప్రదర్శన రుసుము) పోయాకే షేర్, అంటే హక్కులు కొన్నవారికి మిగిలే సొమ్ము. పైగా హాలు యజమానికి క్యాంటీను, సైకిల్ స్టాండు ఆదాయం తలల లెక్కన వస్తుంది గాని టికెట్టు లెక్కన కాదు. రావులపాలెం వారు హాలులో వాటాదారులు కూడా కనుక, ఇది రెండుసార్లు ఆలోచించవలసిన విషయం.

మొదటి మూడు రోజులూ అభిమానులతో ఎలాగైనా నిండుతాయని బయ్యర్ గారు అనవచ్చు, అంతవరకు ఒప్పుకుంటాను. కానీ ఆయనే చెప్పిన పిల్లలూ ముసలివారూ ఆ మూడు రోజుల్లో రారు. నాలుగో రోజున, పక్కింటివారు చూసి వచ్చి బాగుందన్నాక, ఆటోలో ఐదుగురు కలిసి వస్తారు. ‘హనుమాన్’ 2024 జనవరి 12న పెద్ద సినిమాల మధ్య కొద్ది తెరలతో మొదలైంది, పండుగ వెళ్లాక తెరలు పెరిగాయి. కనుమ నాడు ప్రభలు చూసి వచ్చి సినిమాకు వెళదామంటే మా ఆరుగురికీ టికెట్లు దొరకక వెనక్కి తిరిగివచ్చాం, మరుసటి వారం వెళ్లాం. ఆ మరుసటి వారమే ఈ కోవకు అసలు పంట. సినిమా బాగాలేకపోతే ఆ వారం ఉండదు, రేటు తగ్గించకపోతే బాగున్నా ఉండదు.

ఇంకొక మాట. హిట్టు, ఫ్లాపు అని మనం అంటున్నది సినిమాను చూసి కాదు, కొన్న ధరను చూసి. ఒకే వసూలు ఒక ధరకు లాభం, ఇంకో ధరకు డెఫిసిట్, అంటే నష్టం. కాబట్టి అసలు అడగవలసింది సినిమా ఆడుతుందా అని కాదు, ఎంత ఆడితే మన సొమ్ము వెనక్కి వస్తుందని. ఆ అంకెను అమ్మేవారు మీకు చెప్పారా?

భీమవరం బయ్యర్

తణుకు వారి లెక్కలో తప్పు పట్టలేను. అయితే వ్యాపారంలో ఒక ఇబ్బంది ఉంది, అది కాగితం మీద కనబడదు. కమీషన్ మీదే (వసూళ్లలో కొంత శాతం తీసుకుని) ఆడిస్తాం, అడ్వాన్సు తిరిగి ఇవ్వాలి అని పట్టుబడితే ఈ సినిమా మనకు రాదు. ఈ సినిమా రాకపోతే అదే సంస్థ వచ్చే పండుగకు ఇచ్చేది కూడా రాదు. తెలిసి తెలిసి ఒకదానిలో నష్టపోయి ఇంకొకదానిలో రాబట్టుకుంటూ ఇరవై ఏళ్లు నెట్టుకొచ్చాను. మాస్టారు చెప్పిన క్రమం, కట్టుబాటు నిజమే కావచ్చు గాని, వాటిని చూపించమంటే విడుదలకు ముందు మాకు సినిమా చూపించరు. పాటలు, టీజరు, దర్శకుడి పాత సినిమా, ఇంతే మా చేతిలో ఉండేది.

ద్రాక్షారామం తెలుగు మాస్టారు

చూపించని వస్తువుకు తిరిగిరాని సొమ్ము కట్టే వ్యాపారం మా సంతలో దూడల విషయంలో కూడా లేదండి. పళ్లు చూస్తారు, నడిపించి చూస్తారు.

బూత్ ఆపరేటరు, అమలాపురం వైపు

ఒకటి అడగడం మరిచాను. విడుదల నెల ఏది? జూలై, ఆగస్టు అయితే గోదావరికి వరద వచ్చినప్పుడు లంక గ్రామాల జనం ఏటిగట్టు దాటలేరు. మా హాలుకు సెకండ్ షో జనంలో చాలామంది అటువాళ్లే.

రావులపాలెం వంతెన

ఆగస్టు మొదటి వారం అంటున్నారు. ఆ సంగతి నాకు తట్టనే లేదు.

నిన్న రాత్రి ఈ చర్చ మొత్తం నాన్నగారికి చదివి వినిపించాను. తణుకు వారి లెక్క రెండుసార్లు చదివించుకున్నారు, తానే క్యాలెండరు వెనక వేసి చూసుకున్నారు. ఈ రోజు ఉదయం బృందంలోని మిగతావారికి ఫోన్ చేసి, ఎంత షేర్ వస్తే అసలు వెనక్కి వస్తుందని అడిగారు. ముగ్గురు మూడు అంకెలు చెప్పారు, ఒకరి అంకె ఇంకొకరి అంకెకు రెట్టింపు. అందుకని అడిగిన ధరకు ఎన్‌ఆర్‌ఏ కట్టబోమని, సగం సొమ్ము తిరిగి ఇచ్చే షరతు మీద అయితే చేరతామని చెప్పాం. బయ్యర్ గారు అన్నట్టు సినిమా చేజారినా చేజారవచ్చు. నాన్నగారికి కొంచెం దిగులుగానే ఉంది, ఆయన ఈ హీరో తండ్రి సినిమాలు మా హాలులో వంద రోజులు ఆడించిన మనిషి.

హాలుకు మాత్రం ఎవరో ఒకరి ద్వారా ఆ సినిమా వస్తుంది కదా. మా ఆపరేటరును పిలిచి ల్యాంపు ఎన్ని గంటలు కాలిందని అడిగితే, నవ్వి ఊరుకున్నాడు. కొత్తది తెప్పిస్తున్నాం.