స్కూల్ ప్రాజెక్టుకి బుక్ ట్రైలర్ చెయ్యాలి, బారిస్టర్ పార్వతీశం తీసుకున్నాం, ఎలా మొదలెట్టాలి?

గోదారి_గట్టు:
అందరికీ నమస్తే అండి. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. నచ్చిన తెలుగు పుస్తకానికి నిమిషన్నర దాటకుండా ట్రైలర్, అంటే చూసినవాళ్ళకి చదవాలనిపించే చిన్న వీడియో, చేసి తెమ్మన్నారు తెలుగు టీచరుగారు, క్లాసులో ప్రొజెక్టర్ మీద వేస్తారట. మాది నరసాపురం పక్కనే, కథలో పార్వతీశంది మొగల్తూరు అని వినగానే మా పిల్లకి హుషారొచ్చి మొక్కపాటి నరసింహశాస్త్రి గారి బారిస్టర్ పార్వతీశం మొదటి భాగం తీసుకుంది. ఇప్పుడు స్క్రిప్ట్ అని మూడు పేజీలు రాసింది, మొగల్తూరు నుంచి లండన్ దాకా కథంతా ఉంది అందులో. నిమిషన్నరలో అది ఎలా పడుతుందో అర్థం కావట్లేదు. ఉన్నది ఒక ఫోను, సాయానికి ఇద్దరు ఫ్రెండ్స్, ఓడ ఎక్కడ తేవాలో తెలీదు. కాస్త చెప్పండి ప్లీజ్.

పుస్తకాల_మేడ:
ఆ మూడు పేజీలూ కథ సారాంశం అండి, ట్రైలర్ కాదు. కథంతా చెప్పేస్తే ఇంక పుస్తకం ఎవరు తెరుస్తారు? ముందు పాపని ఒక్కటే అడగండి, చదువుతున్నప్పుడు నీకు "తర్వాత ఏమవుతుందో" అని బాగా ఆత్రంగా అనిపించింది ఎక్కడా అని. అది పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. నాకైతే మద్రాసులో టోపీ కొనే ఘట్టం. పెద్దగా ఊరు దాటని కుర్రాడు బారిస్టర్ చదువుకి సీమకి, అంటే ఇంగ్లండుకి, వెళ్తున్నాడు కాబట్టి దర్జాగా ఉండాలని టోపీ కొన్నాడు, అక్కడిదాకా చూపించండి, పెట్టె మూత తీస్తుండగా కట్ చేసెయ్యండి. టోపీ మాత్రం చూపించొద్దు. చదివినవాళ్ళు నవ్వుకుంటారు, చదవనివాళ్ళు అడుగుతారు ఏంటది అని, మనకి కావలసింది అదే కదా.

మాటలు కూడా తక్కువ పెట్టండి. తెలుగులో నిదానంగా చదివితే నిమిషానికి వంద పదాలు వస్తాయేమో, మధ్యలో బొమ్మకి, మౌనానికి చోటుండాలి కాబట్టి మొత్తం నిమిషన్నరకీ ఎనభై తొంభై చాలు. పైగా పార్వతీశం తన కథ తనే చెప్పుకుంటాడు, అందుకని వాయిస్ కూడా "నేను" అనే ఉండాలి, బయటనుంచి ఎవరో "ఒక యువకుడు" అని మొదలెడితే ఆ పుస్తకంలో ఉన్న రుచే పోతుంది.

రీలు_రాజు:
పైన చెప్పింది కరెక్ట్. నేను షూటింగ్ సంగతి చెప్తా. ఫోన్ తియ్యకముందే ఒక తెల్లకాగితం మీద గళ్ళు గీసి ఒక్కో గడిలో ఒక్కో షాట్ బొమ్మ వెయ్యమనండి, పుల్లల మనుషులైనా పర్లేదు, పక్కన ఎన్ని సెకన్లో, ఏ మాట వస్తుందో రాస్తే ఇరవై షాట్లకి మించి పట్టవని పిల్లలకే తెలిసిపోతుంది. ఓడ అక్కర్లేదు అండి! పాత ట్రంకుపెట్టె, చేతిలో టికెట్, ఏటిగట్టున సాయంత్రం ఎండలో నీళ్ళు, దానిమీద ఓడ కూత, చాలు, చూసేవాళ్ళు ఓడని వాళ్ళే ఊహించుకుంటారు. ఫోన్ అడ్డంగా పెట్టి తియ్యండి, ప్రొజెక్టర్ మీద నిలువు వీడియో సన్నగా మధ్యలో పడుతుంది.

వాయిస్ మాత్రం షూటింగ్‌లో కాకుండా విడిగా రికార్డ్ చెయ్యాలి, ఫ్యాన్ ఆపి, తలుపులేసి, బట్టల బీరువా తెరిచి దాని ముందు నిలబడి చదివితే గది మోత రాదు. బొమ్మ బాలేకపోతే క్లాసు సర్దుకుంటుంది గానీ మాట వినపడకపోతే అంతే, ఎంత బాగా తీసినా పోయినట్టే.

గోదారి_గట్టు:
చాలా థాంక్స్ అండి, టోపీ ఐడియాకి పాప ఎగిరి గంతేసింది. ఎడిటింగ్‌కి ఏ యాప్? బ్యాక్‌గ్రౌండ్‌లో సినిమా పాట పెడతానంటోంది, పెట్టొచ్చా?

అక్షరం_అక్క:
క్యాప్‌కట్ మన దేశంలో బ్యాన్ కదా, ఇన్‌షాట్ గానీ వీఎన్ గానీ సరిపోతాయి. ఒక్కటి జాగ్రత్త, కొన్ని యాప్‌లలో తెలుగు ఒత్తులు విడిపోతాయి, "పార్వతీశం"లో ర కింద ఉండాల్సిన వ ఒత్తు పక్కకి పోయి పేరే పాడవుతుంది, టీచరు ముందు అదే చూస్తారు. అలా వస్తే అక్షరాలు చేత్తో కాగితం మీద రాయించి ఫొటో తీసి పెట్టండి, ఈ పుస్తకం 1924 నాటిది కాబట్టి చేతిరాతే ఇంకా అందంగా ఉంటుంది. టైపే కావాలంటే రామభద్ర, మండలి లాంటి ఫాంట్లు గూగుల్‌లో ఉచితం.

సినిమా పాట వద్దు అండి. క్లాసులో వేస్తే ఎవరూ ఏమనరు గానీ రేపు యూట్యూబ్‌లో పెడితే పాట హక్కులున్నవాళ్ళ నుంచి కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది, పైగా పాట మొదలవగానే పిల్లలందరి ధ్యాస ఆ సినిమా మీదకి పోతుంది. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచిత మ్యూజిక్ ఉంది, షరతులు చదివి తీసుకోండి. పుస్తకం కూడా ఇంకా కాపీరైట్‌లోనే ఉంది, రచయిత 1973లో పోయారు, మన చట్టంలో ఆ తర్వాత అరవై ఏళ్ళు, కాబట్టి బయట పెట్టేట్టయితే పుస్తకంలోంచి పేరాలకి పేరాలు చదవకుండా పాప సొంత మాటల్లోనే రాయించండి.

చివరి కార్డులో పుస్తకం పేరు, రచయిత పేరు అయిదు సెకన్లు నిలబెట్టండి, చదివే టైమివ్వాలి. స్కూల్ లైబ్రరీలో కాపీ ఉందేమో ముందే కనుక్కుని, ఉంటే ఏ బీరువాలో ఉందో కూడా అక్కడే వేసెయ్యండి.